మూత తియ్యని మగ్గు

పోయినవారం బుర్గిని మనం ఎక్కడ వదిలామో గుర్తుందిగా. హాలు మధ్యలో, ఖాళీ ట్రే గుండెలకి అదుముకుని, తను చేసిన తప్పేమిటో తనకే తెలియక నిలబడి ఉంది.

ఆదివారం, పైగా మార్టిన్ పండగ. డాన్యూబ్ నది మీంచి లేచిన మంచు రాతివంతెనని సగం మింగేసి, స్టాట్‌ఆమ్‌హోఫ్ పేట సందుల్లోకి పాకుతోంది. ఆ పేటలో అన్నిటికన్నా పాత కట్టడం "ముసలి వాలుగ" అనే భోజనశాల. ఆ ఇంటి కోడలై వచ్చిన బుర్గికి పెళ్లినాటి బూట్ల కిర్రు కూడా ఇంకా పోలేదు. ఇవాళ చర్చిలో మధ్యాహ్నం గంట మోగగానే అత్తగారు జెంజి నడుముకి వేలాడే ఇనప తాళంచెవి విప్పి, పేటలో అందరి ముందూ కోడలి చేతిలో పెట్టాలి. ఆ క్షణం నుంచీ ఇల్లు బుర్గిదీ, ఆమె మొగుడు క్విరిన్‌దీ.

అలాంటి రోజున ఒక కొత్త మనిషి లోపలికొచ్చాడు. అటూ ఇటూ చూడకుండా, సొంతింట్లో నడిచినట్టు నడిచి, గది వెచ్చబెట్టే పచ్చ పలకల పొయ్యి పక్కన, రోజూ వచ్చే పాతకాపుల బల్ల దగ్గర, కిటికీ కిందున్న కుర్చీలో కూర్చున్నాడు. పాతకాపులింకా చర్చి నుంచి రాలేదు. ఈయనెవరో తను ఇంకా చూడని పాతకాపే అనుకుంది బుర్గి. ఆ బల్లవాళ్లలో ఎవరి మగ్గు వాళ్లకే కాబట్టి "మీ మగ్గు ఏదండీ?" అని అడిగింది. అతను పై అరలో నీలం వాలుగ బొమ్మున్న మగ్గు చూపించాడు. స్టూలెక్కి దింపింది, కడిగింది, నురగ పొంగేదాకా బీరు పోసి ముందు పెట్టింది. అప్పుడే తలుపు తోసుకుని పాతకాపులు లోపలికొచ్చారు. నవ్వుతూ వచ్చినవాళ్లు ఆ మగ్గు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

హాలు హాలంతా మాట పడిపోయింది.

మొదట కదిలింది బార్టల్. ఆ బల్లకి పెద్ద ఆయనే. ఒకప్పుడు పడవ నడిపిన చేతులు, ఇప్పుడు ముడతలు పడ్డా వెడల్పు తగ్గలేదు. చేతికర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచాడు.

"ఎవరయ్యా నువ్వు? లే ఆ కుర్చీలోంచి!"

కొత్త మనిషి లేవలేదు. ముప్ఫై ఏళ్లుంటాయేమో. పొడుగాటి ముఖం, బాగా పొట్టిగా కత్తిరించిన జుట్టు. మర్యాదగానే అన్నాడు. "ఇంటివాళ్లు పోశారండీ. తాగి లేస్తాను."

బార్టల్ కర్ర దించాడు. ఆ బల్లకున్న కట్టుబాటు అందరికీ తెలిసిందే. ఇంటివాళ్లు చేత్తో పోసిచ్చిన మగ్గు ఖాళీ అయ్యేదాకా ఆ మనిషిని లేపే హక్కు ఎవరికీ లేదు. పేట పెద్దకైనా, చర్చి ఫాదర్‌కైనా సరే. బయటినుంచి వచ్చినవాడికి ఈ సంగతి ఎలా తెలిసింది?

"మనోడు పాఠం బాగానే చదువుకొచ్చాడు," అన్నాడు క్షురకుడు జిగి. ఎంత బరువైన చోటైనా ఒక వెటకారం విసరకపోతే ఆయనకి తోచదు. "కోడలు పిల్లా, చచ్చినవాళ్ల మగ్గులు కూడా పంచిపెడుతున్నావా ఇవాళ? పండగ ధర్మమా?"

చచ్చినవాళ్ల మగ్గు!

బుర్గి ట్రే పక్కన పెట్టింది. తలెత్తి పైకి చూసింది. బల్లకి సరిగ్గా పైన పొగచూరిన ఓక్ దూలం. దానికి వరసగా మేకులు కొట్టి బిగించిన తగరం మూతలు. బల్ల మనిషి ఒకరు కన్నుమూస్తే ఆయన మగ్గు మూత ఊడదీసి ఆ దూలానికి కొడతారు. మూత లేని మగ్గుని పై అరలో బోర్లిస్తారు. ఇక అందులో ఎవరూ తాగరు. పెళ్లయిన మర్నాడే క్విరిన్ ఆమెని ఆ దూలం కింద నిలబెట్టి ఒక్కో మూత ఎవరిదో చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో మెడ మీద ముద్దు పెట్టాడు కాబట్టి సగం పేర్లు ఆమె తలకెక్కలేదు. కానీ పద్ధతి మాత్రం ఎక్కింది. మూత ఉంటే మనిషి ఉన్నట్టు. మూత లేకపోతే లేనట్టు.

ఈ మగ్గుకి మూత ఉంది. అందుకే కదా తను దింపింది!

వంటింటి తలుపు ధడాలున తెరుచుకుంది. వేగుతున్న పెద్దబాతు వాసన, ఎర్ర క్యాబేజీ పులుపు, వాటి వెనకే జెంజి. హాల్లో ఒక్కసారిగా చప్పుడాగిపోతే ఏ వంటగత్తెకైనా గుండె గుభేలుమంటుంది. పండగ గౌను మీద కట్టిన ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ రెండడుగులు వేసింది. మగ్గుని చూసింది. మూడో అడుగు పడలేదు.

"ఎవరు దింపారు దాన్ని?"

"నేనే అత్తయ్యా..."

"నువ్వా?" జెంజి గొంతు పెద్దది కాదు. ఇవాళ ఇంకా చిన్నదైంది. అదే భయం వేసింది బుర్గికి. "ఈ ఇంట్లో నేను ముట్టుకోని వస్తువు అదొక్కటే. నీకు చెప్పలేదూ? పై అర జోలికి వెళ్లద్దని చెప్పలేదూ?"

చెప్పింది. దుమ్ము దులిపేటప్పుడు పై అర వదిలెయ్యి, నేను చూసుకుంటానంది. బుర్గి సరే అత్తయ్యా అంటూనే, పెళ్లి కొత్త కదా, మనసంతా వేరే చోట పెట్టుకుని వింది. ఈ ఇంట్లో ఆమెకి ప్రతిదీ ముద్దే. పొద్దున్నే ప్రెట్జెల్ రొట్టెల బుట్ట మీద కప్పిన గుడ్డ తీస్తే ముఖానికి కొట్టే ఆవిరి, తగరం మూతలు ఒకదాని వెనక ఒకటి టక్కుమనే చప్పుడు, ఏటవాలు కప్పు కింద తమ గదిలో క్విరిన్ రోజూ ఒకే దూలానికి తల కొట్టుకుని రోజూ కొత్తగా తిట్టుకోవడం. అంత ముద్దులో ఒక్క మాట జారిపోయింది.

వంటింట్లోంచి క్విరిన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మోచేతుల దాకా రొట్టె ఉండల పిండి. "ఏమైందే?" అని గుసగుసలాడాడు.

"నాకేం తెలుసు! ఎవరిదది?"

"పెదనాన్నది. ఉర్బాన్ పెదనాన్న. వరదలో పోయాడే, ఆయనది."

ఆ పేటలో వరద అంటే ఒకటే వరద. యాభై నాలుగులో వచ్చింది. ముందు గుమ్మం పక్కన రాతిలో చెక్కిన గీత బుర్గి భుజం దాకా వస్తుంది. నది వైపున్న నేలమాళిగ తలుపుకి అప్పట్నించీ తాళం తీసింది లేదు. ముందు తలుపుకీ దానికీ అదే తాళంచెవి. ఇంటి పెద్దకొడుకు ఉర్బాన్ ఆ వరదలోనే పోయాడు. తమ్ముడు హానెస్‌కి ఇల్లొచ్చింది. జెంజి హానెస్‌ని పెళ్లాడింది. క్విరిన్ పుట్టాడు. హానెస్ మూత కూడా ఇప్పుడు ఆ దూలం మీదే ఉంది. బుర్గికి తెలిసిన కథ ఇంతే.

"తాగేసి లెయ్యి బాబూ," అన్నాడు బార్టల్, ఈసారి కొంచెం మెత్తగా. "నీకు తెలీక కూర్చున్నావు. ఆ మగ్గు మనిషి నా తమ్ముడి లాంటివాడు. నీళ్లు ఎత్తుకుపోతుంటే నా కళ్లతో చూశాను. ఈ వయసులో మళ్లీ గుర్తు చెయ్యకు."

కొత్త మనిషి ఆయన వైపు చూశాడు. తరవాత మగ్గు మీద చెయ్యి వేశాడు.

ఆ మగ్గు మూత మొండిది. కడిగేటప్పుడు బుర్గి తంటాలు పడింది. బొటనవేలితో ఎంత నొక్కినా లేవలేదు. చివరికి చెంచా పెట్టి ఎత్తాల్సి వచ్చింది. ఆ మనిషి మాత్రం చూడకుండానే బొటనవేలు ఎడమకి జరిపి, ఒక చిన్న నొక్కు నొక్కాడు. టక్. మూత పువ్వులా విచ్చుకుంది.

జెంజి చెయ్యి పక్కనున్న కుర్చీ వీపు కోసం వెతుక్కుంది.

"అదెలా తెలుసు నీకు?"

"మా ఇంట్లో ఇలాంటిదే ఇంకోటుందమ్మా. చిన్నప్పుడు దాని మీదే నేర్చుకున్నాను. మా నాన్న చేయించుకున్నాడు. అదే బొమ్మ, అదే మూత. మూత కీలు కూడా అలాగే మొండిగా ఉండాలని లింజ్ ఊళ్లో తగరం పనివాడితో గొడవపడి మరీ చేయించాడు."

"ఎవరు మీ నాన్న?" అన్నాడు క్విరిన్.

అతను మగ్గు మీంచి చెయ్యి తీశాడు. జెంజి వైపే చూస్తున్నాడు. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అన్నట్టుంది ఆ చూపు.

"పిచ్చి మాటలు!" బార్టల్ కర్ర మళ్లీ నేలని తాకింది. "మూత తియ్యడం ఎవడైనా నేర్చుకుంటాడు. ఇవాళ తాళంచెవి చేతులు మారుతుందని పేటంతా తెలుసు. ఇల్లు కొట్టెయ్యడానికొచ్చిన దొంగ వీడు. జెంజీ, ఆ మగ్గు లాగేసుకో. లాక్కుని కోడల్ని లోపలికి పంపు. ఇంత జరిగింది దాని తలకాయలేనితనం వల్లే!"

"అవును," అంది జెంజి, ఎవరో నేర్పిన మాట అప్పజెప్పినట్టు. "నీవల్లే బుర్గీ. చచ్చిపోయిన మనిషి మగ్గు తీసుకెళ్లి దారినపోయేవాడికి..."

ఇంకొక రోజైతే బుర్గి కళ్లనీళ్లు పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తేదే. ఇవాళ కూడా కాళ్లు అటే లాగాయి. కానీ కళ్లు మాత్రం దూలం మీదే ఉండిపోయాయి. మూత తరవాత మూత. అందులో హానెస్ మావయ్యది కొత్తది, ఇంకా మెరుస్తోంది. అంతకు ముందువి నల్లబడ్డాయి. ఎక్కడా ఒక్క ఖాళీ మేకు లేదు. ఉర్బాన్ కోసం ఎవరూ మేకు కూడా కొట్టలేదు.

"అత్తయ్యా," అంది. వేలితో దూలం చూపించింది. "చచ్చిపోయిన మనిషైతే, మగ్గుకి మూత ఎందుకుంది?"

జిగి నోరు తెరిచి, ఆయన జన్మలో మొదటిసారి, ఏమీ అనకుండా మూసేశాడు.

"శవం దొరకలేదు కదమ్మా," అన్నాడు బార్టల్ తొందరగా. "పాపం, ప్రధానం అయిన పిల్ల. మనసొప్పక తియ్యలేదు. అదంతా మాకు తెలిసిందే, ఇప్పుడెందుకు తవ్వడం?"

ప్రధానం! బుర్గి క్విరిన్ వైపు తిరిగింది. అతని ముఖం చూస్తే అతనికీ ఇప్పుడే తెలిసినట్టుంది. తన తల్లికి ముందు నిశ్చయమైన పెళ్లికొడుకు పెదనాన్న అని!

"అందుకేనా అత్తయ్యా?" బుర్గి వదల్లేదు. తను చేస్తున్నదేమిటో తనకే భయంగా ఉంది. జవాబు ఎటు తిరిగినా పడేది తన కొత్త కాపురం మీదే. ఉర్బాన్ నిజంగా పోయి ఉంటే తను పాపం చేసినట్టు. పోకపోయి ఉంటే, పెద్దకొడుకు బతికుండగా ఈ ఇల్లు హానెస్‌ది ఎలా అయింది? క్విరిన్‌ది ఎలా అవుతుంది? ఇంకాసేపట్లో తన చేతిలో పెట్టబోయే తాళంచెవి ఎవరిది? "శవం దొరకలేదనే ఉంచారా, లేక..."

"చూశాను," అంది జెంజి.

ఒక్క మాట. ఇన్నేళ్లుగా బోర్లించి పెట్టిన మాట.

"వరద వచ్చిన తెల్లారి నేను మా పుట్టింటి అటక కిటికీలో ఉన్నాను. నీళ్లు మెట్లెక్కాయి. ఉర్బాన్ బార్టల్ పడవ తీసుకుని, వంతెన కింద చిక్కుకున్నవాళ్ల కోసం వెళ్లాడు. నేను కళ్లు తిప్పలేదు. పడవ తిరగబడటం చూశాను. అరిచాను. తరవాత అవతలి గట్టు మీద మనిషి లేచి నిలబడటం కూడా చూశాను. చొక్కా విప్పి పిండుకున్నాడు. ఎర్ర కుట్టుపని చేసిన చొక్కా. నేను కుట్టిందే. నాకు తెలీదా?"

"అమ్మా!" అన్నాడు క్విరిన్.

"మధ్యాహ్నానికి బార్టల్ వచ్చాడు. ఉర్బాన్ పోయాడు జెంజీ, నా కళ్లతో చూశాను అన్నాడు." ఆమె బార్టల్ వైపు చూడలేదు. పొయ్యి పలకలకేసి చూస్తూ మాట్లాడుతోంది. "అప్పుడు నాకేం తోచిందో తెలుసా? ఉర్బానే చెప్పి పంపించాడనుకున్నాను. నన్ను చేసుకోవడం ఇష్టం లేక, మొహం మీద చెప్పలేక, స్నేహితుడి చేత చచ్చిపోయానని చెప్పించాడనుకున్నాను. మూత తియ్యమని సుత్తి చేతికిచ్చారు. బతికున్న మనిషి మూత ఎలా తియ్యను? తియ్యలేదు. నిజం చెబుదామంటే... చచ్చిపోయాడంటే జనం నాతో కలిసి ఏడుస్తారు. వదిలేసి పోయాడంటే నా వెనక నవ్వుతారు. ఇరవై రెండేళ్ల పిల్లని. నోరు మూసుకున్నాను."

"నాన్నకి?"

"తెలీదు. పోయేదాకా అన్న పేరున చర్చిలో కొవ్వొత్తి వెలిగించాడు. పక్కన నేనూ నిలబడ్డాను." జెంజి పెదవి కొరుక్కుంది. "ప్రతి ఏడూ నిలబడ్డాను."

తలలన్నీ మెల్లగా బార్టల్ వైపు తిరిగాయి. ఆయన ముఖం చెక్కలా ఉంది. "వరదలో ఎవరి కళ్లు సరిగ్గా పనిచేశాయమ్మా? పడవ తిరగబడింది, మనిషి కనపడలేదు. పోయాడనుకున్నా. పొరపాటు పడ్డానేమో. పొరపాటు పడకూడదా ఏం?" అంటూ కూర్చుని, తన మగ్గు ముందుకు జరుపుకున్నాడు. పాతకాపులకి ఎప్పుడో పోసి పెట్టిన బీరు. ఎవరూ గుటక వెయ్యలేదు.

కొత్త మనిషి లేచి నిలబడి జెంజి వైపు కొంచెం వంగాడు. "నా పేరు పోల్డి. ఉర్బాన్ కొడుకుని. ఆయన ఈ ఊరి పేరెత్తితే లేచి బయటికెళ్లిపోయేవాడు. అమ్మ పోయాక కూడా అంతే. మొన్న అమ్మ తరపు బంధువొకాయన ఇటు నుంచి వస్తూ పేపరొకటి పట్టుకొచ్చాడు. అందులో వీళ్ల పెళ్లి ఫొటో." బుర్గిని చూపించాడు. "గుమ్మంలో దంపతులు, పక్కన నడుముకి తాళంచెవితో మీరు. నాన్న ఆ ఫొటో చూసి... నేనెప్పుడూ అలా చూడలేదు ఆయన్ని. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు."

ఆ ఫొటోనా! బుర్గి దాన్ని కత్తిరించి మంచం పక్కన అంటించుకుంది. క్విరిన్ టై వంకరగా ఉందని రోజూ దాన్ని చూసి నవ్వుకుంటోంది.

"ఇల్లు అడగడానికొచ్చారా?" క్విరిన్ సూటిగా అడిగాడు. పిండి ఆరిన చేతులు పిడికిళ్లయ్యాయి.

"నాకు తెలీదు తమ్ముడూ. నిజంగా తెలీదు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు ఆయన. ఇక్కడికొచ్చాకే ఆ కుర్చీ సంగతీ ఈ బల్ల కట్టుబాటూ చెప్పి, ముందు నన్ను లోపలికెళ్లి మగ్గు ఉందో లేదో చూడమన్నాడు. మిగతాది ఆయన్నే అడగండి." పోల్డి తలతో గుమ్మం వైపు చూపించాడు. "బయట రాతిబెంచీ మీదే కూర్చున్నాడు."

మంచు పట్టిన కిటికీ అద్దంలోంచి ఏమీ కనపడటం లేదు. బూడిదరంగు మాత్రమే. ఆ బూడిదరంగులో ఒక మనిషి, తను పుట్టిన ఇంటి గోడకి వీపు ఆనించి, బయట!

జెంజి నడుము దగ్గర చేతులు ఆడించింది. ముడి విప్పుతోందని అర్థం కావడానికి అందరికీ కొంతసేపు పట్టింది. అరచేతి పొడుగున్న ఇనప తాళంచెవిని బుర్గి చేతిలో పెట్టి, వేళ్లు తనే మూసింది. అది ఆమె ఒంటి వేడితో వెచ్చగా ఉంది.

"గంట మోగలేదు జెంజీ," అన్నాడు జిగి మెల్లగా.

"మోగేదాకా ఆగలేను." కోడలి ముఖంలోకి చూసింది. "ఈ తలుపు ఎవరికి తియ్యాలో ఎవరికి వెయ్యాలో ఇకనుంచి నీ ఇష్టం. నేను వెళ్లి ఆ మనిషి ముందు నిలబడలేను తల్లీ. నువ్వెళ్లు. తీస్తావో, లోపలినుంచి గడియ పెడతావో... ఏం చేసినా నిన్నొక్క మాట అనను."

కలలో కూడా అనుకోలేదు బుర్గి, ఆ తాళంచెవి ఇలా చేతికొస్తుందని. చప్పట్లూ, అకార్డియనూ, క్విరిన్ ఎత్తుకుని గిరగిరా తిప్పడమూ, రాత్రుళ్లు ఇలాంటివెన్నో ఊహించుకుంది. గుమ్మం దాకా నడుస్తుంటే బూట్లు కిర్రుమన్నాయి. ఒక్కసారి తాళం తిప్పితే చాలు. గంట మోగుతుంది, బాతు వడ్డిస్తారు, మంచు చలికి ముసలాయన ఎంతసేపు కూర్చుంటాడు? ప్రెట్జెల్ ఆవిరీ, తగరం మూతల టక్కులూ, ఏటవాలు గదీ అన్నీ తనవే. ఆ ఆలోచన తనకి వచ్చినందుకు తన మీదే ఒళ్లు మండింది. వెనక్కి చూసింది. క్విరిన్ కళ్లతోనే అన్నాడు, నువ్వెలా అంటే అలా.

తలుపు తీసింది.

బెంచీ మీద ముసలాయన. చేతుల్లో టోపీ. పక్కనే, గోడ మీద, వరద గీత. ఆయన తల సరిగ్గా ఆ గీత కిందికొచ్చింది. బుర్గిని చూసి లేవబోయి, ఆగి, అడిగింది ఒకటే.

"మూత తీసేశారా?"

"లేదండీ. ఉంది."

ముసలాయన ముందుకు వంగాడు. "ఎవరు ఉంచారు?"

"అత్తయ్య. జెంజి అత్తయ్య. మీరు అవతలి గట్టు మీద లేచి నిలబడటం చూసిందట."

"చూసిందా?" ఆయన టోపీని నలిపాడు. "చూసింది. బతికుంది. చూసింది కూడా!" తనలో తనే అనుకున్నట్టు అని, ఒక్కసారిగా తలెత్తాడు. "అమ్మాయీ, ఆ రోజు నేనా గట్టు మీద పడి ఉంటే నా దగ్గరికి ఒకడొచ్చాడు. నన్ను కావలించుకుని ఏడ్చాడు. అటకతో సహా జెంజి వాళ్ల ఇల్లు కూలింది, జెంజి పోయింది, నా చేతుల్తో గట్టుకి లాగాను, నువ్వా ముఖం చూడలేవు, వెళ్లిపో ఉర్బాన్ అన్నాడు. చూడలేననే వెళ్లిపోయాను. వాడింకా ఉన్నాడా?"

"ఎవరండీ?" అని అడిగింది గానీ, జవాబు అప్పటికే బుర్గికి తట్టింది.

"బార్టల్."

అప్పుడు మోగింది మధ్యాహ్నం గంట. మంచులోంచి ఒక్కో దెబ్బా తడిగా వచ్చి గోడలకి తగులుతుంటే బుర్గి గిరుక్కున లోపలికి తిరిగింది. హాల్లో అందరూ జెంజి చుట్టూ మూగారు. పొయ్యి పక్క బార్టల్ కుర్చీ ఖాళీ. దాని ముందు అంచుదాకా బీరు నిండిన మగ్గు. దాని మూత మూసి ఉంది. ఆ ఇంట్లో మూత మూస్తే ఇక చాలు, నేను లేస్తున్నాను అని. గుటక కూడా వెయ్యకుండా మూత మూసినవాణ్ని ఆ బల్ల ఎన్నడూ చూసి ఉండదు.

నేలమాళిగ మెట్ల వైపునుంచి కర్ర చప్పుడు. ఆ తరవాత నది వైపు తలుపు గడియ గడగడలాడిన చప్పుడు. లాగుతున్నారు. మళ్లీ లాగుతున్నారు.

బుర్గి పరిగెత్తింది. మెట్ల మలుపులో ఆగింది. కింద, పీపాల మధ్య, తాళం వేసిన తలుపుకి వీపు ఆనించి బార్టల్ నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. ఆమె చేతిలో తాళంచెవి చూసి, ఎప్పటిలాగే ముద్దుగా నవ్వడానికి ప్రయత్నించాడు.

"కోడలు పిల్లా, అది ఇలా ఇచ్చెయ్యమ్మా. ఈ తలుపు తీసుకుని నేను పోతా. నేనే గనక పైకొచ్చి నోరు విప్పానంటే, ఈ ఇంట్లోంచి బయటికి నడవాల్సింది నేనొక్కణ్నే కాదు."

బుర్గి తాళంచెవిని వెనక్కి దాచుకుంది. అరచేతిలో ఇనుము ఇంకా వెచ్చగానే ఉంది. వెనక మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. ఆ అడుగు ఆమెకి తెలుసు. హమ్మయ్య అనుకుంది. అత్తయ్య వచ్చింది, ఇక ఈ ముసలాడి పని అత్తయ్య చూసుకుంటుంది.

జెంజి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఇచ్చెయ్యి బుర్గీ," అంది. "ఉర్బాన్ లోపలికి రాకముందే, ఇచ్చెయ్యి."